కదలని కొమ్మ

జూన్ 3

నర్సు యాదిరా ఈ నోటుబుక్కు ఇచ్చింది. సోయిలా ఎడమ చేతికి పొద్దునా సాయంత్రం ఎక్సర్‌సైజు చేయించి, చేసిందో లేదో రాయమంది. పొద్దున: చెయ్యలేదు. సాయంత్రం: చెయ్యలేదు. ఇంకా బోలెడు కాగితం మిగిలింది. అందుకని మిగతావి కూడా రాస్తున్నా.

మా ఆవిడ సోయిలాకి పక్షవాతం వచ్చి రెండు నెలలు. కాలు కొంచెం దారికొచ్చింది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. దేవుడు చేతిని పట్టుకెళ్లి నోటిని నాకోసం వదిలేశాడు. ఆ చెయ్యి ఒళ్లో అలా పడుంటుంది, బస్సులో ఎవరో మర్చిపోయిన సంచిలా. గిచ్చినా తెలీదు. ఆగస్టులోగా అందులో ప్రాణం కదలకపోతే వేళ్లు ముడుచుకుపోతాయనీ, ఇక విప్పలేమనీ యాదిరా నన్ను పక్కకి పిలిచి చెప్పింది. నొక్కడానికి రబ్బరు బంతి ఇచ్చింది. సోయిలా దాన్ని కుక్కకి విసిరేసింది.

జూన్ 5

కుక్క మాత్రం రోజూ ఎక్సర్‌సైజు చేస్తోంది.

జూన్ 9

రెండు నెలల్లో మొదటిసారి ఏదో కావాలని అడిగింది.

కంచె అవతల నా మరదలు నార్సీసా దొడ్డి. అక్కడ పిట్టలకి తీపినీళ్లు పోసిపెట్టే ఫీడర్ సీసాలు పన్నెండు వేలాడతాయి, ఎర్రవి. పొద్దుగూకే దాకా హమ్మింగ్ పిట్టలు వాటి చుట్టూ బుర్రుమంటూ తిరుగుతాయి. వాటిని చూడ్డానికి రాజధాని కీటో నుంచి టూరిస్టులొస్తారు. సోయిలా వెనక వరండాలో కూర్చుని అటే చూస్తూ, మన వైపు ఒక్కటీ రాదేమని అడిగింది.

రప్పిస్తానన్నాను, ఎన్నికల్లో నిలబడ్డవాడిలా.

జూన్ 10

ఎర్ర మూత ఉన్న ఫీడర్ కట్టాను. మా బెల్లం కరిగించి పోశాను, చిక్కగా. తాత నాటి నుంచీ మాది చెరుకు గానుగ. మా గానుగల సంఘం ఆఫీసు గోడ మీద ‘తెల్ల పంచదార తెల్ల విషం’ అని ఉంటుంది. అది నా చేతిరాతే. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా పంచదార పలుకు లేదు. పిట్టైనా చుట్టమే, చుట్టానికి మంచిదే పెట్టాలి.

జూన్ 14

పిట్టలు రాలేదు. కందిరీగలొచ్చాయి. ఎండకి బెల్లం నీళ్లు పులిసి నురగ కట్టాయి. కందిరీగలు తాగి, నేల మీద పడి పొర్లాయి. మన పెళ్లినాడు మీ అన్నదమ్ములు ఇలాగే పడున్నారంది సోయిలా.

జూన్ 15

నార్సీసా కంచె మీంచి చూసింది. నవ్వలేదు. అందుకే భయమేసింది.

తెల్ల పంచదారే పొయ్యాలట. గ్లాసు పంచదారకి నాలుగు గ్లాసుల నీళ్లు. రెండు రోజులకోసారి పారబోసి, వేణ్ణీళ్లతో సీసా కడగాలి. బెల్లంలో ఇనుముంటుంది, రక్తానికి మంచిదని నేను వాదించాను.

“ఆ ఇనుమే వాటి ప్రాణం తీస్తుంది బావా. నీ బెల్లం మనుషులకి పెట్టుకో” అంది.

నా ఎదురుగానే సీసా వొంపేసింది. మా నాన్నని ఎవరో తిట్టినట్టు నిలబడ్డాను.

జూన్ 18

సోయిలా కుర్చీ గోడవైపు తిప్పమంది. తిప్పాను.

జూన్ 19, మధ్యాహ్నం

ఊళ్లో కొట్టుకి వెళ్లి పంచదార ఇమ్మని అడిగే మొహం నాకు లేదు. పై ఊరికి బస్సెక్కి రెండు కిలోలు కొన్నాను. మీద టోపీ కప్పి ఒళ్లో పెట్టుకున్నాను. వంతెన దాటాక మలుపులో సంచి చిరిగింది. పంచదార సీట్ల కిందుగా డ్రైవర్ దాకా పారింది. బస్సంతా మెడలు వంచి కిందకి చూసింది.

వెనక సీట్లో మా సంఘం ఒబ్దూలియా. గానుగ లేనిదే అన్నం లేని మనిషి. శిలువ గుర్తు వేసుకుని మెల్లిగా అడిగింది. “అబ్దోన్ గారూ, మీరు పంచదార కొన్నారంటే, మీ ఇంట్లో ఎవరు పోయారు?”

“నా పరువమ్మా” అన్నాను.

పిట్టల సంగతీ సోయిలా సంగతీ చెప్పాను. ఆవిడ సంచిలో మిగిలింది తన శాలువాలో మూటకట్టి ఇచ్చింది. కిలో ఉంటుంది.

జూన్ 22

ఒకటొచ్చింది! ఆకుపచ్చది. అడక్కుండానే కుర్చీ ఇటు తిప్పాను. మధ్యాహ్నానికి నాలుగు. సాయంత్రానికి కొట్లాటలు. చిటికెన వేలంత లేవు, పొగరు మాత్రం మేయరుకున్నంత.

జూలై 6

అలిసిపోయాను. ఆవిడకి స్నానం, తిండి. నాకు గానుగ. పిట్టలకి పంచదార నీళ్లు. మళ్లీ సీసాలు కడుగు. ఏ పని చేస్తూ నిద్రపోయానో నాకే గుర్తుండదు.

సోయిలా పొద్దున్నించీ పిట్టల్నే చూస్తుంది. ముఖం తేటపడింది. చెయ్యి మాత్రం అలాగే. ఇవాళ యాదిరా వచ్చి వేళ్లు విప్పి చూసింది. చిటికెన వేలు పూర్తిగా విచ్చుకోలేదు. తన కాగితంలో రాసుకుంది.

పిట్టల్ని చూడ్డానికి చేత్తో పనిలేదని నాకు ముందే తోచాల్సింది.

జూలై 7

నార్సీసాతో చెప్పుకున్నాను. ఆవిడ టూరిస్టుల కోసం ఒక పని చేస్తుంది. తెల్లారగానే ఫీడర్లన్నీ దింపేసి, చిన్న ఎర్ర మూతలో తీపినీళ్లు పోసి వాళ్ల అరచేతిలో పెడుతుంది. ఆకలి మీదున్న పిట్ట వచ్చి వేలి మీద వాలుతుంది. కానీ చాలామంది చెయ్యి వణుకుతుందట, పిట్టలు దగ్గరికి రావట. అక్కని కూచోబెడదామా అంది.

“నా చేతిని కొమ్మ చేస్తారా?” అంది సోయిలా. మా మాటలు వరండాలోకి వినిపించినట్టున్నాయి.

చారు తాగాక తనే అంది. “కదలని కొమ్మ కావాలంటే ఈ ఊళ్లో నాకే ఉంది.”

జూలై 9, పొద్దున 6

నార్సీసా పన్నెండూ దింపేసింది, నేను మా వైపువీ దింపాను. గేటు దగ్గర టూరిస్టుల్ని తొమ్మిదికి రమ్మంది. నేను సోయిలా చెయ్యి గోరువెచ్చని నీళ్లలో ఉంచి, ఒక్కో వేలూ విప్పి, దిండు మీద పెట్టి, అరచేతిలో మూత ఉంచాను. నలభై నిమిషాలు. ఒక పిట్ట దగ్గరకొచ్చి, గాల్లోనే ఆగి మమ్మల్ని ముగ్గుర్నీ చూసి వెళ్లిపోయింది. తర్వాత చెయ్యి జారింది. తీపినీళ్లు లంగా మీద పడ్డాయి.

చాలంది. దిండు తీసేయబోయాను.

“ఇవాళ్టికి చాలన్నాను” అంది.

జూలై 10

వాన.

జూలై 11

రాలేదు. చిటికెన వేలు విప్పడానికి మొన్నటికన్నా ఎక్కువసేపు పట్టింది. ఆవిడకి చెప్పలేదు.

జూలై 12, ఆరూ నలభై

వాలింది. గిచ్చినా తెలీని ఆ చేతి మధ్య వేలి మీద. నాణెమంత బరువు కూడా ఉండదు.

సోయిలా దాన్ని చూడట్లేదు. కళ్లు మూసుకుంది.

“బరువుగా ఉంది, ముసలోడా” అంది.