ఉప్పు కప్పులోనే ఉంది

ఏమండీ, నాకు ఆఫీసుకి టైమైపోయింది; ఫ్రిజ్‌లో గాజు గిన్నె ఉంది. పాలు, చీజ్ వేసి మెదిపిన బంగాళదుంపలు, కొత్త వంట. గిన్నె వెనక కప్పులో ఉన్న ఉప్పు అందులో కలిపి, భోజనాలకి అరగంట ముందు ఓవెన్‌లో పెట్టండి. ఉప్పు కలపడం అత్తయ్యగారి కంట పడకూడదు; ఆవిడ ఇక్కడే తిరుగుతున్నారని నేను కలపలేదు.

ఎప్పటిలాగే ఆవిడకి చెంచాతో ఇచ్చి ఉప్పు చూడమన్నాను. చప్పరించి, "సరిగ్గా సరిపోయిందమ్మాయ్" అన్నారు. తర్వాత గట్టు తుడుస్తుంటే, వెయ్యాలని తీసిన ఉప్పు కప్పులోనే ఉంది! దుంపలు నోట్లో వేసుకుంటే ఒట్టి చప్పిడి. వాసన చూసి ఉప్పు తక్కువైందని చెప్పే మనిషండీ ఆవిడ!

మొన్నటి జలుబు తర్వాత నాలుక్కి రుచే తెలియడం లేదేమో. కూరలు ఉప్పు కషాయమని వారం నుంచి మీరు నా మీద ఎగురుతున్నారే, "ఇంకాస్త వెయ్యి" అన్నది మీ అమ్మగారే.

సాయంత్రం ఆవిడని డాక్టరుకి చూపించండి. మామూలు పరీక్షలకేనని చెప్పండి. ఈ చీటీ చింపెయ్యండి.

ఇది రాస్తుంటే ఆవిడ మెల్లగా వచ్చి, "నిజంగా సరిపోయిందా?" అని అడిగారు. సరిపోయిందన్నాను. మీరూ అదే చెప్పండి.