ఆకలి పాటకు వయొలిన్లు

విజయనగరం, 1968. ఆదివారం రాత్రి.

మధ్యాహ్నం ఆటకు రైతు సినిమా ఒకటి చూశాను. హీరో పొందూరు పంచె నలగకుండా ఎకరం దున్నాడు. ఎద్దులే నయం, నిజంగా నడిచాయి. పత్రికలో నా సమీక్షకు ఆ ముక్కే రాద్దామనుకుంటూ అక్క ఇంటికి వెళ్తే అక్కడ ఇంతకన్నా ఘోరం. బావ మద్రాసు వెళ్లి పాడిన రికార్డు వచ్చింది.

సమ్మె రోజుల్లో నెల్లిమర్ల మిల్లు గేటు ముందు, ఒట్టి కంజీరతో బావ పాడిన ఆకలి పాట అది. ఇప్పుడు దాని చుట్టూ డజను వయొలిన్లు. ఆకలికి నెయ్యి కారుతోంది.

"ఏట్రా, ఎలగున్నాది?" అన్నాడు బావ.

"బాగున్నాది బావా. సావుకారి కూతురి పెళ్లిలో బంతి బోజనాల కాడ ఏసుకోవచ్చు."

బావ ముల్లు ఎత్తి, రికార్డును పంచె చెంగుతో తుడిచి కవరులో పెట్టాడు. అక్క మాత్రం వీధి గుమ్మం దాకా నా వెనకే వచ్చింది.

"నీ నోట్లో ఉన్నది ఇసమేట్రా? పత్రికలో ఒక్క మంచిముక్క రాయి. అది సూస్తేనే కంపెనీవోళ్లు ఇంకో రికార్డుకి పిలుస్తారట. లేపోతే ఇదే ఆకరిది."

ఆఖరిదైతే కానీ. అక్క మొగుడని ఊరుకుంటే, ఆ పంచె హీరోని తిట్టే హక్కు నాకెక్కడిది? ఆ గేటు దగ్గర పస్తులతో నిలబడి విన్నవాళ్లకు ఏం చెప్పను?

రెండింటి మీదా ఇప్పుడే రాసేశాను. బావ మీద రాసిందే పదునుగా వచ్చింది. చివర "గొంతు మాత్రం ఇంకా అదే" అని ఒక వాక్యం పడింది. అది నిజమే.

కొట్టేశాను.