కాలువ కట్టేసే నెల

మే 6, బుధవారం. పిండి రుబ్బాను, రెండు చీరల నిండా వడియాలు పెట్టాను, బీరువా సర్దాను. నవల రోజుకో పేజీ రాద్దామనుకున్నాను, మూడు పేజీలు బాకీ.

సాయంత్రం ఆయనకి పదకొండో అధ్యాయం చదివాను. వైశాఖంలో పెళ్లై, సుభద్ర పడవలో అత్తారింటికి వెళ్లే ఘట్టం. ఆయన తెగ నవ్వారు.

"వైశాఖంలో కాలువ కట్టేస్తారు కదే! పడవని బురదలో లాక్కెళ్లారేంటి?"

కాలువ మా ఇంటి ముందే ఉంది. ఏటా ఈ నెలలో ఎండడం చూస్తూనే ఉన్నాను. ఎలా మరిచానో! రాసిందంతా వృథా. ఇక మానేద్దామనిపించింది, ఓపిక లేదు.

వంటిల్లు సర్దాక పడవ ఘట్టం కొట్టేశాను. సుభద్రని ఎండిన కాలువలోంచే నడిపించాను. అవతలి గట్టెక్కి తిరిగి చూస్తే పుట్టిల్లు ఇంకా కనిపిస్తోంది. పడవలో ఆ పిల్లకి ఏడుపే రాలేదు, ఇప్పుడు ఏడ్చింది.

మూడు పేజీలయ్యాయి. బాకీ చెల్లు.