ఈకల సంచి

అన్నా,

మిలిటరీ వాళ్లు నిన్ను అడవిలో కాల్చి చంపి నేటికి ఏడాది. ఆ సంగతి బాపుకు, నాకు తెలుసు; అవ్వకు చెప్పలేదు.

నిన్న కొల్లాపూర్‌లోని మన ఇంట్లోంచి వాళ్ల క్యాంపు ఎత్తేశారు. మంచుకొండల్లో పడుకోవడానికి వాడే సంచి ఒకటి, కుట్టు విడిందని కెప్టెన్ పారేసి పోయాడు. లోపలంతా బాతు ఈకలు.

అవ్వ చేతిలోకి తీసుకుని చూసింది. "గింత తేలికగున్నది, గిది చలికేం ఆగుతదే?"

"ఈకల నడుమ గాలి నిలుస్తది అవ్వా. ఒంటి వేడిని బయటికి పోనియ్యదు."

"గాలితోనే గద చలి వెట్టేది! బడిల సిస్టరమ్మలు గిదేనా నేర్పింది?" అని నవ్వింది.

నువ్వు పాత గొంగడితో దళంలోకి వెళ్లావు. నిన్ను వేటాడినవాడు మన ఇంట్లోనే ఈకల్లో పడుకున్నాడు.

అవ్వ కుట్టు వేసింది. "పోరడు వచ్చినంక కప్పుకుంటడు" అంటూ, బొంతను దాచినట్టే దాన్ని చుట్టి, మోకాలితో అదిమి సందూకులో కుక్కింది. మూత లేవకుండా తిరగలి రాయి పెట్టింది. అలా చాలాకాలం నలిగితే ఈకలు మళ్లీ పొంగవు, గాలి నిలవదు, వెచ్చదనం ఉండదు.

"వాడొచ్చేదాంక ఖరాబు గాదు గదా?" అని అడిగింది.

"కాదు అవ్వా" అన్నాను. తిరగలి రెండో రాయి కూడా అందించాను.