కథానాయకుడి జేబులో స్క్రూడ్రైవర్

సోమవారం

చిరంజీవి మేనకోడలు పిచ్చుకకు,

మీ అత్తయ్య దీవించి, ఆ వెంటనే కాస్త కోప్పడి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానత్తయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు, చదవాల్సిందే.

నా ప్రాణంలాంటి నవలని మీ ఛానల్ వాళ్ళు సీరియల్‌గా తీస్తున్నారనీ, దానికి మాటలు రాసేది నువ్వేననీ తెలిసిన రోజున, దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ కొలతలు తీసుకుంటూ ఆ కబురే చెప్పాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఏడున్నరకి మిషన్లు ఆపి, పదకొండుమంది ఆడవాళ్ళం టీవీ ముందు కూర్చుంటున్నాం. నూట నలభై రోజులు పళ్ళబిగువున భరించాం. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు.

ఎస్టేట్ యజమాని ఇంట్లో పుస్తకాల జాబితా రాయడానికి వచ్చిన పేదపిల్ల చెవులకి అంతేసి జూకాలు పెట్టుకుని నిద్రపోతుందా? ఆ బీరువాల్లో పుస్తకాలన్నీ అట్టముక్కలని మాకు తెలియదనుకున్నారా? నవల్లో ఆ ఆరడుగుల యజమాని నలభై పేజీలకొకసారి నోరు విప్పుతాడు. మీవాడు నోరు మూసేది ప్రకటనలప్పుడే. పోనీ, అదీ సర్దుకున్నాను. నవల్లో లేని మేనత్తని ఎక్కడి నుంచి తెచ్చావు? తలుపు చాటున నిలబడి వినడం, వంకరగా నవ్వడం తప్ప ఆవిడకి వేరే పనే లేదు. పైగా చేతిలో ఎప్పుడు చూసినా కత్తెర. కత్తెర పట్టుకునే మేనత్తలు నీకు ఎంతమంది ఉన్నారే?

చివరి అధ్యాయం మాత్రం ముట్టుకోకు. ఆ రైల్వే స్టేషన్ ఘట్టం కోసమే నేను బతికున్నాను. ముప్పై రెండేళ్ళలో ఎన్నిసార్లు చదివానో, చదివిన ప్రతిసారీ ఏడ్చాను.

ఇట్లు,
కత్తెర కింద పెట్టి రాసిన
మీ అత్తయ్య

తా.క. మీ మామయ్య బాగానే ఉన్నారు. ప్రెస్సులో ముప్పై ఏళ్ళు అక్షరాలు కూర్చిన మనిషి, నాతో నాలుగు తీపి మాటలు కూర్చలేకపోయారు. నిన్న సీరియల్ చూసి నేను కళ్ళు తుడుచుకుంటుంటే, వచ్చి నా కుట్టుమిషన్‌కి నూనె వేసి వెళ్ళిపోయారు.


గురువారం

పూజ్యులైన అత్తయ్యకు,

నీ పిచ్చుక నమస్కరించి, తల వంచుకుని రాస్తోంది.

ఆ మేనత్త నువ్వు కాదత్తయ్యా, ఒట్టు. విలన్ కావాలన్నది మా పెద్దసారు. ఆయన ఛానల్‌కి అధిపతి, నవల చదవలేదు, చదివే తీరిక లేదని గర్వంగా చెప్పుకుంటారు. ఆ కత్తెర నటీమణిది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, ఏదైనా ఇవ్వండి అని అడిగింది. మేకప్ గదిలో దొరికింది అదే.

జూకాలు తీయమని నేను చెప్పాను. అవి అమ్మే కంపెనీవాళ్ళే మన సీరియల్‌ని పోషిస్తున్నారు. కాబట్టి కథానాయిక వాటితోనే నిద్రపోతుంది, జ్వరం వచ్చినా వాటితోనే మూలుగుతుంది.

చివరి అధ్యాయం గురించి నువ్వు నిశ్చింతగా ఉండు. పెద్దసారుతో పోట్లాడి దాన్ని ఉన్నదున్నట్టు తీయడానికి ఒప్పించాను. యజమాని తెల్ల కారు ప్లాట్‌ఫాం మీదికే తోలుకొచ్చి, పేజీన్నర ప్రేమ ప్రసంగం చేసి, ఆమెని రెండు చేతులతో ఎత్తుకుంటాడు. రైల్లోవాళ్ళంతా చప్పట్లు కొడతారు. నవల్లోని ఒక్క మాట కూడా మార్చలేదు.

ఇట్లు,
నీ చేత మొట్టికాయలు తినడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే
పిచ్చుక

తా.క. బీరువాల్లో అన్నీ అట్టముక్కలు కావు. ఒకటి నిజం పుస్తకమే, మా లైటింగ్ మేస్త్రీ కరెంటు పాఠాల పుస్తకం. కథానాయిక వారం వారం గుండెలకి హత్తుకుని ఏడ్చేది దాన్నే.


ఆదివారం

మాటల రచయిత్రి గారికి,

దీవెనలు ప్రస్తుతానికి ఆపి ఉంచాను.

కారు ఏమిటి? చప్పట్లు ఏమిటి? ఎత్తుకోవడం ఏమిటి, ఆవిడేమైనా బియ్యం బస్తానా? నువ్వు నవల చదవలేదు. ఆ నవలతో తీసిన పాత సినిమా చూసి రాస్తున్నావు. ఆ సినిమా నేను చూడలేదు, చూడను. అందులో కథానాయకుడు రైలు పైకెక్కి పాట పాడాడని విన్న రోజే ఒట్టు పెట్టుకున్నాను.

అసలు ముగింపు ఏమిటో నీలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. రైలు ఆలస్యం. ఆమె బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంటుంది. ఆయన నడుచుకుంటూ వస్తాడు. పక్కన కూర్చుంటాడు. ఇద్దరికీ మాట రాదు. ఆమె కళ్ళజోడు జారిపోతూ ఉంటుంది. ఆయన మెల్లగా దాన్ని తీసుకుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, వదులైన స్క్రూ బిగించి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, తిరిగి ఆమెకి పెడతాడు. "ఇప్పుడు సరిగ్గా కనిపిస్తుందా?" అంటాడు. ఆమె ఆయన్ని చూసి "కనిపిస్తోంది" అంటుంది. రైలు వస్తుంది, వెళ్ళిపోతుంది. ఇద్దరూ ఆ బల్ల మీదే ఉంటారు. అంతే. అదే ప్రేమంటే. రాస్తుంటేనే నాకు కళ్ళు చెమర్చాయి.

దుకాణంలో మిగతా పదిమందినీ పిలిచి అడిగాను. అందరూ నా మాటే చెప్పారు. ఊరుకుంటామా? మేమూ, మా దుకాణానికి వచ్చేవాళ్ళూ కలిసి మీ పెద్దసారుకి నలభై ఏడు ఉత్తరాలు రాశాం.

ఇట్లు,
నవల నిజంగా చదివిన
ఒక పాఠకురాలు

తా.క. నీ ఉత్తరం చదివిన దుఃఖంలో ఒకావిడ గౌనుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను. ఆవిడకి నీ చిరునామా ఇచ్చాను.


బుధవారం

అత్తయ్యా,

మర్యాదలకి టైము లేదు, క్షమించు. నా ఉద్యోగం పోయేలా ఉంది.

మీ నలభై ఏడు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. పెద్దసారు నన్ను పిలిచి, నవల చదవకుండానే మాటలు రాస్తున్నావా అని అడిగారు. నా దగ్గరున్న పుస్తకం తీసి చివరి అధ్యాయం చూపించాను. ఆయన పుస్తకం వంక చూడలేదు, ఉత్తరాల బస్తా వంక చూశారు. నలభై ఏడుమంది పొరబడతారా, నువ్వొక్కదానివి పొరబడతావా అన్నారు. పైగా, అంత పెద్ద ఎస్టేట్ యజమాని జేబులో స్క్రూడ్రైవర్ ఎందుకుంటుందో వివరించమన్నారు.

ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం ఆఖరి షూటింగ్. ఆ ముందు రోజుకల్లా ఏది అసలు ముగింపో రుజువు చేయాలి. లేకపోతే నా కుర్చీలోకి ఇంకొకాయన వస్తాడు. ఇప్పటిదాకా మేనత్త తలుపు చాటు ఘట్టాలన్నీ రాసింది ఆయనే. ఎనిమిదేళ్ళు కష్టపడి ఇక్కడిదాకా వచ్చాను అత్తయ్యా, నాకు నిజంగా భయంగా ఉంది.

మీ పదకొండుమందీ చదివింది నీ దగ్గరున్న ఒకే ఒక్క పుస్తకం కదా? దాన్ని వెంటనే పంపించు.

ఇట్లు,
గూడు కదులుతున్న
పిచ్చుక

తా.క. గౌనావిడ వచ్చింది. ఆ గౌను మా కాస్ట్యూమ్స్ ఆయనకి తెగ నచ్చింది. వచ్చే వారం విలన్ మేనత్త అదే వేసుకుంటుంది.


శనివారం

బంగారు తల్లి పిచ్చుకకు,

ఆపి ఉంచిన దీవెనలన్నీ కలిపి పంపుతున్నాను.

నీ ఉద్యోగం మీదికి తెస్తానని కలలో కూడా అనుకోలేదే. నేను రాసింది ముమ్మాటికీ నిజం, అయినా నాకు తప్పు చేసినట్టే ఉంది. పుస్తకం మాత్రం పంపను. పెళ్ళయిన కొత్తలో కొనుక్కున్నది. నేను సగం చదివేలోగానే పక్కింటివాళ్ళు అడిగి తీసుకెళితే అట్ట ఊడి వచ్చింది, మీ మామయ్యే ప్రెస్సుకి పట్టుకెళ్ళి మళ్ళీ బైండు చేసి తెచ్చారు. ఆ రోజు నుంచి అది గడప దాటలేదు. కావలసినవాళ్ళు మా దుకాణంలో కూర్చుని చదవాల్సిందే. అందుకని చివరి పన్నెండు పేజీలు జిరాక్స్ తీయించి ఇందులో పెట్టాను. మీ పెద్దసారు మొహాన పెట్టు.

ఒక విచిత్రం చెప్పాలి. నీ ఉత్తరం పైకి చదివితే మీ మామయ్య "ఆ పిల్ల ఉద్యోగం పోతుందా?" అని రెండుసార్లు అడిగారు. భోజనం సగంలో లేచిపోయారు. జిరాక్స్ తీయించడానికి నా వెంట వచ్చి, మిషన్ పక్కన నిలబడి, ఈ పేజీలు పంపకపోతే ఏం అన్నారు. సాహిత్యం అంటే ఈ మనిషికి ఎంత చులకనో చూశావా? దారంతా చెడామడా తిట్టాను. ఏదో చెప్పబోయి మానేశారు.

ఇట్లు,
నీ పక్షాన కత్తెర దూసిన
అత్తయ్య

తా.క. ఎస్టేట్ యజమాని జేబులో స్క్రూడ్రైవర్ ఎందుకుంటుందని మీ పెద్దసారు అడిగినదానికి నా జవాబు: మంచి మగవాళ్ళ జేబులో ఉంటుంది. మీ మామయ్య జేబులో ఉంటే మాత్రం చొక్కా చిరుగుతుంది, కుట్టలేక చస్తున్నాను.


సోమవారం

అత్తయ్యకు,

ప్రేమతో, కొంచెం తొందరతో.

జిరాక్స్ అందింది. నా పుస్తకం పక్కన పెట్టి రాత్రి కాకముందే రెండుసార్లు చూశాను. ఆమె బల్ల మీద కూర్చునేదాకా రెండూ ఒకటే. చివరి ఎనిమిది పేజీలు వేరు. నా పుస్తకంలోని ముగింపు జిరాక్స్ తీయించి ఇందులో పెట్టాను, నువ్వే చూడు. ఆ ఎనిమిది పేజీల్లో ప్రతి "మ" అక్షరానికీ కొమ్ము విరిగి ఉంది. ముందు పేజీల్లో ఒక్కదానికీ విరగలేదు.

ఆ విరిగిన "మ" నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు మామయ్య ప్రెస్సులో అచ్చు వేసి ఇస్తే నా స్కూలు పుస్తకాల మీద అంటించుకున్న పేరు చీటీలన్నిటిలోనూ అదే ఉండేది. నా పక్కన కూర్చునే పిల్లలు నవ్వేవాళ్ళు.

నేను ఇంకేమీ రాయను. అదే ప్రెస్సులో అచ్చయిన మీ దుకాణం కొలతల చీటీ ఒకటి తీసుకో. నవల చివరి పేజీ పక్కన పెట్టి, భూతద్దంతో చూడు. తర్వాత వెనక గదిలో ఉన్న మనిషిని అడుగు. తిట్టకుండా అడుగు.

ఇట్లు,
ఊపిరి బిగబట్టుకున్న
పిచ్చుక

తా.క. పెద్దసారు ఆ పేజీలు చదివారు. ఆయన ఏదైనా చదవడం ఆఫీసులో ఎవరూ ఇంతవరకు చూడలేదు. కళ్ళు తుడుచుకుని, ఎవడు రాసినా సరే ఇదే తీద్దాం, గురువారంలోగా రాసినవాడి సంతకం తీసుకురా, నీ కుర్చీ నీదే అన్నారు.


మంగళవారం

పిచ్చుకా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

కొలతల చీటీ పక్కన పెట్టి చూశాను. కొమ్ము విరిగిన "మ" రెండింటిలోనూ ఉంది. వెనక గదిలోకి వెళ్ళి, తిట్టకుండానే రెండూ ఆయన ముందు పెట్టాను. వాటిని చూసి, ఆ అక్షరం అప్పుడే మార్చి ఉండాల్సింది అన్నారు.

పక్కింటి పాప చివరి కాగితాలు చింపి పడవలు చేసిందట. నాకప్పుడు విడవని జ్వరం. సగం చదివి, తర్వాత ఏమైంది, ఆయన వచ్చాడా అని మంచం మీద కలవరించానట. బజారంతా వెతికినా ఇంకో పుస్తకం దొరకలేదు. బైండింగుకని పట్టుకెళ్ళి, తొమ్మిది సాయంత్రాలు ప్రెస్సులో కూర్చుని, ఆ ఎనిమిది పేజీలూ ఆయనే అల్లి, ఆయనే అక్షరాలు కూర్చి, అచ్చు వేసి కుట్టేశారు.

కథ తెలియకుండా ఎలా రాశారని అడిగాను.

"ముందు పేజీలో ఆమె ఒంటరిగా కూర్చుని ఉంది. కళ్ళజోడు ఉందని రాసి ఉంది. అతను ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. నాకు తెలిసిన పని చేయించాను," అన్నారు.

మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమన్నాను. నువ్వు చదివి ఏడ్చావు, ఏడుపు తగ్గాక చెబుదామనుకున్నాను, నువ్వు తగ్గించలేదు అన్నారు.

ముప్పై రెండేళ్ళుగా నా కళ్ళజోడు వదులైన మర్నాటికల్లా బిగుసుకుని ఉండేది. మంచి కంపెనీది అనుకున్నాను. ఎంత గుడ్డిదాన్నో చూడు. ఆ ఎస్టేట్ యజమానిని తలుచుకుని, ఈయన్ని ఎన్ని మాటలన్నానో. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఆయన నా కళ్ళజోడు తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, తిరిగి పెట్టి, నవల్లో ఉన్న మాటే అడిగారు. నేనూ నవల్లో ఉన్న మాటే చెప్పాను.

సంతకం చేసిన కాగితం ఇందులో ఉంది. నీ కుర్చీ గట్టిగా పట్టుకో. పేరు మాత్రం ఎక్కడా వేయొద్దన్నారు. నవల రాసినావిడ మూడొందల పేజీలు రాసింది, నేను వేసింది అతుకు, అతుక్కి పేరేమిటి అన్నారు. ఇంకో షరతు, స్క్రూ బిగిస్తున్నంతసేపూ వెనక సంగీతం ఉండకూడదట. చెయ్యి వణుకుతుందట.

నువ్వు పంపిన అసలు ముగింపు కూడా చదివాను. బాగానే ఉంది. ఆ కారాయన మాత్రం మరీ వాగుతాడు.

ఇట్లు,
ఇప్పుడు సరిగ్గా కనిపిస్తున్న
మీ అత్తయ్య

తా.క. ఇవాళ పొద్దున కళ్ళజోడు స్క్రూ మళ్ళీ వదులైంది. మీ మామయ్యకి చెప్పకు, నేనే వదులు చేశాను.