దీపం పెట్టని మూడొద్దులు

అత్తమ్మా,

పప్పు ఉడికింది, పోపు పెట్టలే. ఆ వాసనకు కడుపుల తిప్పుతాంది, నువ్వే పెట్టుకో. కోళ్లను గంప కింద మూసిన. ఆశ వర్కర్ మెర్సీ అక్క స్కానింగుకు రమ్మన్నది, నీ కొడుకు బండి మీద దవాఖానకు పోతున్నం. రెండు మాస్కులు పెట్టుకున్న, ఫికర్ చెయ్యకు.

బియ్యం డబ్బాల టీవీ వైరు దొరికింది. మళ్ల అండ్లనే పెట్టిన. కరోనా చావులు కడుపుతోనున్నదాని చెవుల పడొద్దని దాచినవ్, తెలుసు. కానీ మీరు గోడ అవతల గుసగుస పెడుతుంటే నాకు కూసోబుద్ధి అయితలేదు, పండుకుంటే నిద్ర వస్తలేదు. ఇంట్లకెళ్లి వాకిట్లకు, వాకిట్లకెళ్లి ఇంట్లకు తిరుగుడే అయితాంది.

కొల్లాపూర్ల బాపుకు జరమన్నరు. తగ్గిందన్నరు. తగ్గినోడు "తిన్నవా బిడ్డా" అని ఫోన్ చెయ్యకుంట ఉంటడా? ఫోన్ నీళ్లల్ల పడ్డదని చెప్పినవ్. మరి మూడొద్దులు దేవుని కాడ దీపం ఎందుకు పెట్టలే? మూడోనాడు ఎండ మండుతాందని నాకు తలమీంచి నీళ్లెందుకు పోసినవ్? తండ్రి పోతే పెండ్లైన బిడ్డకు మైల ఎన్నొద్దులో నాకు తెల్వదా?

నేనేడిస్తే కడుపుల బిడ్డకు ఏమన్న అయితదని నీ భయం. ఏడ్వకుంట నాకు ఊపిరాడుతలేదు అత్తమ్మా. నేనొచ్చినంక పక్కన కూసోని, నీ నోటితోనే చెప్పు.

అక్షిత

పొగొచ్చిందని పొద్దాక కండ్లు తుడుసుకుంటున్నవ్. గ్యాసు పొయ్యికి పొగెక్కడిది? ఒక్కదానివే ఏడ్వకు. నేనొచ్చేదాంక ఆగు.