పక్కింటావిడ రాయని సంగతి

చిరంజీవి మా సర్వేయరు బాబుకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం, పిల్లి క్షేమం. నువ్వు సెలవుల్లో బాగుచేసి వెళ్లిన వంటింటి తలుపు గడియ మాత్రం మళ్ళీ ఊడి చేతికొచ్చింది. నువ్వూ క్షేమమేనని రాశావు. ఆ ఒక్క మాట నమ్మలేకపోయాను కాబట్టే జవాబు ఇంత తొందరగా రాస్తున్నాను.

నీ ఉత్తరం మంగళవారం భోజనాల వేళకి అందింది. మా ఆసుపత్రి లాండ్రీలో భోజనానికి అరగంటే ఇస్తారని నీకు తెలుసు. ఆ అరగంటలో మూడుసార్లు చదివాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే "అడిగింది వదిలేసి నీ గొడవ నువ్వు చెప్పుకుంటావు" అని దెప్పుతావు.

మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు మూలుగుతోంది, దిగేటప్పుడు ఊరుకుంటోంది. పిల్లి నీ పాత స్వెట్టరు వదలడం లేదు. ఉతుకుదామని లాగితే నా మీదకే లేచింది. రోజూ వెయ్యి దుప్పట్లు ఉతికించేదాన్ని, ఇంట్లో ఒక్క స్వెట్టరు ఉతకలేకపోతున్నాను. కొత్త మెషీను బిగించారు, పాతదాని అంత అరవదు. ఇస్త్రీ దగ్గర పొగమంచులో నిలబడ్డట్టు ఉంటుందని నువ్వు పేరు పెట్టిన మన ఆవిరమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. తనకి నువ్వు పెట్టిన పేరు బాగా నచ్చేసింది, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే పలకడం లేదు.

ఇక మిగిలింది "పక్కింటావిడ బ్లాగు చదివావా?" అన్న ప్రశ్న. ఇంతకుముందు మూడు ఉత్తరాల్లో అడిగావు, నేను మూడుసార్లూ మాట దాటేశాను. ఈసారి పేజీ అంతా ఆవిడ గురించే రాశావు. "అమ్మా, ఆవిడ పేరు చెప్పుకోరు, పక్కింటావిడ అని సంతకం పెడతారు. మనసు బాగాలేనివాళ్లతో ఎంత మెత్తగా మాట్లాడతారో! పొద్దున లేవలేకపోతే ముందు కాళ్లు నేల మీద పెట్టండి, మిగతాది తర్వాత చూసుకుందాం అంటారు. ఒక్కసారి కూడా మందలించరు. నువ్వూ నాతో ఇలా మాట్లాడితే ఎంత బాగుండేది!" అన్నావు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

దాని కిందే, వాతావరణం గురించి రాసినంత తేలిగ్గా, ఇంకో నాలుగు వాక్యాలు రాశావు. "ఆవిడ బిళ్లలు మానేసి ఇరవై రోజులు హాయిగా ఉన్నారట. నేనూ మానేసి మూడు వారాలైంది. మొదట్లో తల తిరిగేది, ఇప్పుడు నిద్ర తగ్గింది. అది మామూలేనని ఆవిడ రాశారులే." నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది నాకు. ఆవిరమ్మ వచ్చి వీపు మీద చరిచి నీళ్లు తాగించింది.

బాబూ, నిరుడు నిన్ను చూసినదాన్ని నేను. ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో పెట్టుకుని, మంచం అంచున మధ్యాహ్నం దాకా కూర్చునేవాడివి. ఏమైందిరా అంటే "ఏమో" అనేవాడివి. ఆ "ఏమో" నాలుగు నెలలు విన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లాక, బిళ్లలు మొదలుపెట్టాక, ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని నామీద విసుక్కున్నావు. ఆ రోజు నాకెంత సంతోషమైందో నీకు చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చేసేది కొండ లోపల సొరంగం తవ్వుతుంటే అది వంకరపోకుండా కొలిచే పని. పక్కన యంత్రాలు, తలమీద రాయి. నిద్రలేని కళ్లతో నువ్వు అక్కడ నిలబడ్డావని తలుచుకుని, గిన్నె పక్కకి తోసి లేచాను.

వెంటనే ఫోన్ చేశాను, నీకు గుర్తుండే ఉంటుంది.

"ఎలా ఉన్నావురా?"

"బాగానే ఉన్నానమ్మా. నువ్వో?"

"నేనూ బాగానే ఉన్నాను. బిళ్లలు మానకురా, నా మాట విను."

"అమ్మా, ఈ సంగతులు నీకు తెలియవు. పక్కింటావిడ అన్నీ పడి లేచినావిడ. ఆవిడకంటే నీకెక్కువ తెలుసా?"

అసలు సంగతి నోటిదాకా వచ్చింది. నీ వెనక ఎవరో నిన్ను పిలుస్తున్నారు, నా వెనక మెషీను తిరుగుతోంది. "సరే, వేళకి తిను" అని పెట్టేశాను. మళ్ళీ చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్లో మనిద్దరం పచ్చి అబద్ధాలకోరులం. బాగున్నాను, బాగున్నాను అని చెరోసారి అనుకుని ఊరుకుంటాం. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు, నేను మధ్యలో పారిపోలేను.

కాబట్టి చెప్తున్నాను. ఆ పక్కింటావిడ నేనే.

నవ్వకు. నవ్వాలనుకుంటే నవ్వుకుని మళ్ళీ ఇక్కడికొచ్చి చదువు. నీకు జబ్బు చేయకముందు సంగతి ఇది. నాకు నిద్ర దూరమైంది. దుప్పట్ల గదిలో నిలబడి దిండు గలీబులు లెక్కపెడుతుంటే, కారణం లేకుండా ఏడుపు వచ్చేది. లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టి, మళ్ళీ ఏడ్చేదాన్ని. చివరికి మా ఆసుపత్రిలోనే ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాను. బిళ్లలు రాసింది, రోజుకి నాలుగు వాక్యాలు రాసుకోమంది. నోటుపుస్తకం ఇంట్లో పెడితే నీ కంట పడుతుందని భయం. రికార్డుల గదిలో గుమస్తాగారు బ్లాగు ఎలా తెరవాలో చూపించారు. ఎవరూ పోల్చుకోకూడదని ఉద్యోగం గురించి గానీ, నీ గురించి గానీ, చివరికి పిల్లి గురించి గానీ ఒక్క ముక్క రాయలేదు. నిన్ను చూస్తే నా నోట మందలింపే వస్తుంది, నీ గురించిన భయం అలా బయటికొస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లకి రాసేటప్పుడు ఆ భయం ఉండదు. అందుకే మెత్తగా రాయగలిగాను. నీకు దక్కాల్సిన మాటలు ఊళ్లోవాళ్లందరికీ పంచి, నీకు మాత్రం "వేళకి తిను" మిగిల్చాను. ఇది నాకు చాలా బాధగా ఉంది.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. సరిగ్గా నువ్వు ఉద్యోగంలో చేరిన నెలలో, నేను ఎవర్నీ అడక్కుండా బిళ్లలు మానేశాను. కొడుకు నిలదొక్కుకున్నాడు, ఇంక నాకేం జబ్బు అనుకున్నాను. ఇరవయ్యో రోజున ఒళ్లు తేలిగ్గా అనిపించి, గర్వం పట్టలేక బ్లాగులో రాసేశాను. పొద్దున నడక, వేళకి నిద్ర, నాలుగు వాక్యాలు, ఇవి చాలు, బిళ్లలు అక్కర్లేదు అని. తల తిరిగినా, నిద్ర తగ్గినా కంగారు పడొద్దని కూడా రాశాను. నేను రాసినవాటిలో అంతమంది మెచ్చుకున్నది మరొకటి లేదు.

ముప్పై నాలుగో రోజున దుప్పట్ల గదిలో కింద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. లేవాలని కూడా అనిపించలేదు. ఆవిరమ్మ తలుపు తోసుకుని వచ్చి, ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. తర్వాత చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నడిపించింది. "ఎవరు మానమన్నారు?" అంది డాక్టరమ్మ. "నేనే," అన్నాను. "మానే రోజు వస్తే నేను చెప్తాను. కొంచెం కొంచెంగా తగ్గించి, చూసుకుంటూ మానాలి. అంతవరకు మీ ఇష్టం కాదు," అంది. ఆ రోజునుంచి మళ్ళీ వేసుకుంటున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది, పని చేసుకుంటున్నాను.

ఈ ముప్పై నాలుగో రోజు సంగతి పక్కింటావిడ రాయలేదు. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ నడక గురించి, ఎండ గురించి, మంచి మాటలు రాస్తూ పోయింది. అంతమంది పొగిడాక పడిపోయానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మా లాండ్రీలో ఒక కట్టుబాటు ఉంది. చిరిగిన దుప్పటి కనిపిస్తే మూలకి ఎర్రదారం కట్టి కుట్టుబల్ల మీద పెట్టాలి. ఎవరు చింపారని ఎవరమూ అడగం. చిరుగు లోపలికి పెట్టి మడిచి పైన వార్డులకి పంపితే మాత్రం నేను ఊరుకోను, ఎందుకంటే అది ఎవరో కదల్లేని మనిషి వీపు కిందకి వెళ్తుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఈ మాట చెప్పేది నేనే. నేనేమో నా చిరుగు లోపలికి పెట్టి మడిచేశాను. అది వెళ్లి వెళ్లి నీ దగ్గరికే చేరింది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నిరుడు నువ్వు "నాకొక్కడికే ఇలా ఎందుకమ్మా?" అని అడిగావు. "పిచ్చి మాటలు మాట్లాడకు" అన్నాను. అప్పటికే గుండీల డబ్బాలో, గుండీల అడుగున, నా బిళ్లలున్నాయి. నువ్వు నీ గదిలో మింగేవాడివి, నేను వంటింట్లో మింగేదాన్ని. నీకొక్కడికే కాదురా అని ఒక్క మాట అంటే పోయేది. అమ్మ గట్టిగా ఉండాలి, అమ్మ కూడా ఇలా అని తెలిస్తే నువ్వు బెంగపడతావు అనుకున్నాను. నీ బెంగ పెంచింది నేను దాచడమేనని ఇప్పుడు తెలుస్తోంది. నన్ను క్షమించు.

ఏడుస్తూ కూర్చోలేదులే. నిన్న సెలవు పెట్టి పొద్దుటినుంచి ఇదే పని. బ్లాగులో అంతా ఉన్నదున్నట్టు రాశాను. పాత రాతకి పైన "ఇది తప్పు, కింద రాసింది చదవండి" అని పెట్టాను. తీసెయ్యలేదు, తీసేస్తే మళ్ళీ దాచినట్టే అవుతుంది. ఆ రాత కింద "నేనూ మానేస్తున్నాను" అని పదకొండు మంది రాశారు. వాళ్లకి అప్పట్లో నేను పువ్వు బొమ్మలు పెట్టాను, చూస్తే చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది. పదకొండు మందికీ విడివిడిగా రాశాను. తొమ్మిది మంది జవాబిచ్చారు. ఒకాయన తిట్టారు, న్యాయమే. మిగిలిన ఇద్దరికీ రోజూ రాస్తాను, విసుక్కునైనా పలికేదాకా వదలను. బ్లాగు మానను. ఇకనుంచి పడ్డ రోజు కూడా రాస్తాను.

నీ సంగతి. మీ క్యాంపు కింది ఊళ్లో నీకు చీటీ రాసే డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ చెప్పింది కదా అని పాత బిళ్లలు తీసి నీ అంతట నువ్వు మింగెయ్యకు. ఎప్పుడు, ఎంత మొదలుపెట్టాలో ఆయనే చెప్తారట. ఈ ఉత్తరం శనివారానికి అందుతుంది. చదవగానే ఆయనకి ఫోన్ చెయ్యి, నంబరు వెనక రాశాను. మీ ఇంజనీరుగారికి నిద్ర పట్టడం లేదని చెప్పి, లోపలికి దిగకుండా బయట కాగితం పని అడుగు. మొహమాటపడకు. మనసు మరీ చీకటిగా అనిపిస్తే, ఎవరి పక్కనైనా వెళ్లి కూర్చుని నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే. బాగున్నానని మాత్రం అనకు, నేనూ అనను.

నాకు వారం సెలవు దొరికింది. పిల్లిని ఆవిరమ్మ చూసుకుంటుంది. సోమవారం పొద్దున ఆ కింది ఊళ్లో బస్సు దిగుతాను. కోపముంటే కోపంతోనే రా, మాట్లాడకుండా నడిచినా పర్వాలేదు, పక్కన నడువు చాలు. డాక్టరుగారి దగ్గర మనిద్దరికీ పదింటికి సమయం తీసుకున్నాను. ఇద్దరం కలిసే లోపలికి వెళ్దాం, ముందు కుర్చీలో నేను కూర్చుంటాను. "మా అబ్బాయి బిళ్లలు మానేశాడు, మాన్పించింది నేనే. నేనూ ఇవే వేసుకుంటాను" అని నా నోటితో, నీ ఎదురుగా చెప్తాను. ఆ తర్వాత కుర్చీ నీది.

ఇట్లు,
నీ రాకకోసం ఎదురుచూడకుండా తనే వస్తున్న
మీ అమ్మ